హనుమయ్య సొంత వాక్యం

సిడ్నీలో స్కోఫీల్డ్స్ స్టేషను ముందు బస్సు ఆపుకుని కూర్చునే హనుమయ్యకు ఇంగ్లీషు ఎమ్మే ఉందంటే ఎవరూ నమ్మరు. ఎమ్మేనే కాదు, ఎంఫిల్ కూడా ఉంది. అదీ నాలుగొందల ఏళ్ళనాటి ఇంగ్లీషు మెటాఫిజికల్ కవుల మీద! చీరాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తొమ్మిదేళ్ళు వాళ్ళ పద్యాలే పాఠం చెప్పాడు. నర్సు పని మీద భార్య అలివేలుకు వీసా వస్తే ఆమె వెంట సిడ్నీ వచ్చాడు. ఇక్కడ టీచరు కావాలంటే మళ్ళీ మొదటినుంచి చదవాలన్నారు. అప్పటికి కూతురు సాహిత్య అలివేలు కడుపులో ఉంది. ఆర్నెల్లు బస్సు నడిపి తర్వాత చూద్దాంలే అనుకున్నాడు. ఆ ఆర్నెల్లు కాస్తా పద్దెనిమిదేళ్ళయ్యాయి.

చెప్పొద్దూ, బస్సు నడపడం అతనికి ఇష్టమే. ముసలమ్మలు దిగుతూ "థాంక్యూ డ్రైవర్" అంటే లోపల చల్లగా ఉంటుంది. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య దొరికే తొమ్మిది నిమిషాలు మాత్రం అచ్చంగా అతని సొంతం. స్టీరింగు మీద చేతులు పెట్టి, కళ్ళు మూసుకుని, విజయభాస్కర్ మాస్టారి నోట్సు మొదటినుంచి చివరిదాకా పెదాలతోనే చదువుకుంటాడు. రోజూ ఎక్కేవాళ్ళు అతను జపం చేసుకుంటున్నాడనుకుని కాసేపు ఆగి ఎక్కుతారు.

ఒక విధంగా అది జపమే. ఎమ్మేలో విజయభాస్కర్ మాస్టారు పాఠం చెప్పడమంటే నోట్సు చెప్పడం. బల్ల మీద ఒక చెయ్యి ఆనించి, "రాసుకోండి" అని మొదలుపెట్టేవారు. కామా దగ్గర కామా అనేవారు, ఫుల్‌స్టాప్ దగ్గర ఫుల్‌స్టాప్ అనేవారు. నలభై మంది తలలు వంచుకుని రాసేవాళ్ళు. పరీక్షలో అదే దింపితే ఫస్టు క్లాసు. హనుమయ్య లెక్చరరయ్యాక తన పిల్లలకూ అలాగే చెప్పాడు, మాస్టారి కామాలతో సహా. మన దగ్గర ఎవరు మాత్రం ఇంకోలా చదువుకున్నారు, మీరే చెప్పండి!

ఇంతకీ ఆ కవులు ఎవరంటారా? పెళ్ళైన కొత్తలో అలివేలు కూడా ఇదే అడిగింది.

"ప్రేమ గురించి రాశారు, దేవుడి గురించి రాశారు, చావు గురించి రాశారు. కాకపోతే అందరిలా రాయలేదు," అని చెప్పాడు హనుమయ్య. "ఆడదాని మొహం చందమామ అని లోకమంతా రాస్తుంటే, వీళ్ళు పోయి పోయి నావికుడి పటాలూ, వైద్యుడి కత్తులూ, రసవాది కొలిములూ తెచ్చి ప్రేమ పక్కన పెట్టారు. ఇదేంట్రా అనుకునేలోపు వకీలులా వాదించి ఔననిపిస్తారు."

"అంటే దేనికైనా వాదనకు దిగే మీ చిన్నాన్న లాంటివాళ్ళన్నమాట," అంది అలివేలు.

అతను నవ్వి, ఇంకా చెప్పాడు. వాళ్ళలో రాజుగారి కొలువులో ఉద్యోగాల కోసం తిరిగిన కుర్రాళ్ళున్నారు, చర్చిలో గురువులైనవాళ్ళున్నారు. చాలామంది అచ్చు మొహం చూడాలనుకోలేదు. రాసిన కాగితం స్నేహితుడికిస్తే అతను ఎత్తిరాసుకుని ఇంకొకడికిచ్చేవాడు. మన చాటుపద్యాల్లాగే చేతులు మారేకొద్దీ ఏది ఎవరిదో కలగాపులగమైపోయేది. మెటాఫిజికల్ అన్న పేరు కూడా వాళ్ళు పెట్టుకున్నది కాదు, తర్వాతివాళ్ళు వెక్కిరింతకు పెట్టింది. ఆ తర్వాత రెండొందల ఏళ్ళు వాళ్ళను పట్టించుకున్నవాళ్ళే తక్కువ. ఓ వందేళ్ళ కిందట మళ్ళీ పైకి తీసి, దుమ్ము దులిపి, నెత్తిన పెట్టుకున్నారు. నెత్తిన పెట్టుకున్నవాళ్ళ మాటే సిలబస్సులో చెల్లింది గనక, లండన్‌లో పుట్టిన పద్యాలు చీరాలలో మూడో సంవత్సరం మూడో పేపరయ్యాయి.

ఇప్పుడవే పద్యాలు కూతురి బడిలో పన్నెండో తరగతికి వచ్చాయి. కానీ సాహిత్య తండ్రిని అడగలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు చూడండి, ఇదీ అంతే. ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒకసారి పేరెంట్స్ మీటింగులో హనుమయ్య లేచి టీచర్ని ఏదో అడిగితే, ఆ యాసకు వెనక వరసలో ఇద్దరు కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. మర్నాటినుంచి, "అమ్మ వస్తే చాలు నాన్నా, నీకు షిఫ్ట్ ఉంటుంది కదా," అంటూ వచ్చింది ఆ పిల్ల. హనుమయ్య "అవునమ్మా, షిఫ్టే," అనేవాడు. అతని గుండె ఎంత నలిగిందో అలివేలుకు ఒక్కదానికే తెలుసు.

అలాంటి పిల్ల, మే నెలలో ఒక శనివారం మధ్యాహ్నం గరాజులోకొచ్చి నిలబడింది. "నాన్నా, యూ డిడ్ దిస్ స్టఫ్, రైట్? నాకు ఒక్క ముక్క అర్థం కావట్లేదు."

హనుమయ్య చేతిలో ఉన్న స్పానర్ కింద పెట్టేశాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు ఇక ఆ మనిషికి పగ్గాల్లేవు. సూట్‌కేసు అడుగునుంచి పాత నోట్సు తీశాడు. గరాజులో రెండు క్యాంపింగ్ కుర్చీలు వేశాడు. ఏడు శనివారాలు, లంచ్ అయిందగ్గర్నుంచి కాకటూ చిలుకలు అరుచుకుంటూ గూళ్ళకు పోయేదాకా, "రాసుకో తల్లీ," అని చెప్తూనే ఉన్నాడు. సాహిత్య లాప్‌టాప్‌లో టైపు చేసుకుంటూనే ఉంది. మధ్యలో అలివేలు టీ తెచ్చి, "ఏమండీ, పిల్లని కాస్త ఊపిరి తీసుకోనివ్వండి," అన్నా ఆగలేదు. ఆపితే పిల్ల లేచి లోపలికి పోతుందని అతని భయం. ఆ మాట మాత్రం ఎవరితోనూ అనలేదు.

"ఇవి ఇలాగే రాయి, ఒక్క అక్షరం మార్చకు," అన్నాడు ఏడో శనివారం. "ఫుల్ మార్కులు వస్తాయి. గ్యారంటీ."

వచ్చింది మార్కులు కాదు, బడినుంచి ఈమెయిలు. సాహిత్య వ్యాసంలో మూడు పేరాలు వేరొకరి పుస్తకం నుంచి ఉన్నదున్నట్టు తీసుకున్నవనీ, శుక్రవారం మధ్యాహ్నం తల్లిదండ్రుల్లో ఒకరు రావాలనీ. ఆ వ్యాసానికి సంవత్సరం మార్కుల్లో పావు వంతు ఉంది. సున్నా వేస్తే, లా చదువుదామని ఏడాదిగా కలలు కంటున్న పిల్ల ఆశ అక్కడితో సరి.

"నేను కాపీ కొట్టలేదు," అంది సాహిత్య. మొహం పాలిపోయింది. అలివేలుకు డ్యూటీ ఉంది. ఈసారి నిజంగా నాన్నే వెళ్ళాలి.

వెళ్ళాడు, యూనిఫామ్‌లోనే. ఇంగ్లీషు విభాగం పెద్ద మోహినీ నాయుడు. ఫిజీనుంచి చిన్నప్పుడే వచ్చినావిడ, ముత్తాత ఎప్పుడో విశాఖపట్నం వైపునుంచి చెరకు తోటల పనికి వెళ్ళాడట. తెలుగు నాలుగు మాటలకు మించి రాదు. మర్యాదగా కూర్చోబెట్టి, రెండు కాగితాలు పక్కపక్కన పెట్టారు. ఒకటి సాహిత్య వ్యాసం. రెండోది, తొంభై ఏళ్ళ కిందట లండన్‌లో అచ్చయి ఇప్పుడెవరూ చదవని ఒక విమర్శ పుస్తకంలో పేజీ. కంప్యూటరు దొరకబుచ్చుకుంది.

హనుమయ్య పేజీ చదివాడు. ఒక్కో వాక్యమూ మాస్టారి గొంతులోనే వినిపించింది. ఎక్కడ కామా ఉందో అక్కడ కామా ఉంది. రెండో పేరా చివర మాస్టారు ఎప్పుడూ ఒక క్షణం ఆగి కళ్ళజోడు సర్దుకునేవారు, అక్కడ పేజీ మారింది. ఓరి నాయనో అనుకున్నాడు లోపల. ముప్పై ఏళ్ళుగా తాను జపించింది మాస్టారిది కూడా కాదన్నమాట.

ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, ఆ పెద్దమనిషి మీద పిచ్చి కోపమొచ్చింది. వెంటనే గుర్తొచ్చింది, మాస్టారు ఏనాడూ "నేనంటున్నాను" అనలేదు. "రాసుకోండి" అన్నారంతే. ఆ పుస్తకం లైబ్రరీ మొత్తానికి ఒక్క కాపీ ఉండి ఉంటుంది. పల్లెటూళ్ళనుంచి వచ్చిన నలభై మందికి అది అందదని తన చేత్తో ఎత్తిరాసుకొచ్చి పంచారు. పేరు చెప్పకపోవడం తప్పే. కానీ తాను మాత్రం ఏం తక్కువ తిన్నాడు? ఎవరివని ఒక్కసారైనా అడిగాడా?

"మిస్, ఇది నా తప్పు," అన్నాడు ఇంగ్లీషులో. యాస తెలుస్తూనే ఉంది, పట్టించుకోలేదు. "నోట్సు నేను చెప్పాను. మార్చొద్దని నేనే అన్నాను. అది మా గురువుగారి సొంతమనుకున్నాను. శిక్ష వేస్తే నాకు వేయండి, నా కూతురికి ఏమీ తెలియదు."

మోహిని ఆ రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టారు. "మా నాన్న కూడా బాలో టీచరే," అన్నారు తర్వాత. "ఫిజీలో బా అని ఊరు. ఆయనా ఇలాగే డిక్టేట్ చేసేవారు. కామా, ఫుల్‌స్టాప్ అంటూ." నవ్వారు గానీ రూలు రూలే అన్నారు. సోమవారం ఇద్దరు టీచర్ల ముందు సాహిత్య కూర్చుని, ఆ పద్యాల గురించి తన సొంత ఆలోచనేమిటో చెప్పాలి. తర్వాత అక్కడే కాగితమూ పెన్నూ ఇస్తారు, మళ్ళీ రాయాలి. రాస్తే కొంత కోసి మిగతా మార్కులు వేస్తారు. నోరు పెగలకపోతే సున్నానే.

బడి వదిలాక సాహిత్యను కారెక్కించుకుని, జరిగింది చెప్పాడు. క్వేకర్స్ హిల్ దాటాక సాహిత్య కిటికీవైపు తిరిగి అంది: "ఐ థాట్ దే వర్ యువర్స్, నాన్నా. నీ సెంటెన్సెస్ అనుకున్నాను. అందుకే మార్చలేదు. ఐ వజ్ సో ప్రౌడ్."

హనుమయ్యకు ఏడుపొచ్చినంత పనైంది. పక్కకు తీసి కారు ఆపాడు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో రోడ్డు పక్కన ఊరికే ఆపడం అదే మొదటిసారి.

శనివారం మధ్యాహ్నం మళ్ళీ గరాజు, మళ్ళీ రెండు కుర్చీలు. ఇంత జరిగాకా, చూడండి ఆ మనిషి బుద్ధి, గొంతు సవరించుకుని "రాసుకో," అన్నాడు!

సాహిత్య లాప్‌టాప్ మూసేసింది. "నో, నాన్నా. నోట్స్ వద్దు. వాట్ డు యూ థింక్? నువ్వు. నీకేమనిపిస్తుంది ఇవి చదివితే?"

హనుమయ్య నోరు తెరిచాడు. మాస్టారి వాక్యం వచ్చింది, మింగేశాడు. ఇంకొకటి వచ్చింది, అదీ మింగేశాడు. ఆ తర్వాత ఏమీ రాలేదు. యాభై రెండేళ్ళ మనిషిని ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పరీక్షల్లో అడగలేదు, ఎంఫిల్ వైవాలో అడగలేదు, తొమ్మిదేళ్ళలో ఒక్క విద్యార్థీ అడగలేదు. లేచి వెనక పెరట్లోకి వెళ్ళి, తడిగానే ఉన్న కరివేపాకు కుండీకి మళ్ళీ నీళ్ళు పోశాడు.

అలివేలు బట్టలు ఆరేస్తోంది. "ఏంటండీ, బస్సు ఆగిపోయిందా?"

"నాకేమనిపిస్తోందో చెప్పమంటోందే."

"చెప్పండి మరి."

"ఏమీ అనిపించట్లేదు అలివేలూ. అంతా వాళ్ళదీ వీళ్ళదీనే. నాదని ఒక్క ముక్క లేదు లోపల."

అలివేలు చేతిలోని క్లిప్పు తీగకు పెట్టి అతనివైపు తిరిగింది. "నాకు చెప్పినప్పుడు నోట్సు చూసి చెప్పారా? నేను ఇంటరు ఇంగ్లీషు గట్టెక్కడమే గొప్ప. అయినా ఆరోజు నాకర్థమైంది. దానికీ అలాగే చెప్పండి, తెలుగులో. ముందు పద్యం చేతికివ్వండి పిల్లకి. పొద్దస్తమానం పద్యం గురించి చెప్పడమే గానీ పద్యం చదివిందెక్కడ?"

నిజమే. ఏడు శనివారాల్లో ఒక్క పద్యం కూడా కూర్చుని చదవలేదు. హనుమయ్య సిగ్గుపడ్డాడు.

ఆదివారం పొద్దున్నే ఒక వీడ్కోలు పద్యం తీశారు. ఇంగ్లీషు చూస్తే చిక్కుపడ్డ నూలు ఉండలా ఉంది. కర్త ఒకచోట, క్రియ ఆరు పంక్తుల అవతల. హనుమయ్యకు హైస్కూల్లో తెలుగు పద్యాలు చెప్పిన శేషాచలం మాస్టారు గుర్తొచ్చారు. ఎంత పెద్ద పద్యమైనా ముందు అన్వయం, తర్వాత ప్రతిపదార్థం, ఆ తర్వాతే తాత్పర్యం. అదే మొదలుపెట్టాడు. "ఎవరు మాట్లాడుతున్నారు? ఎవరితో? ఏం చెయ్యమంటున్నాడు? క్రియ ఎక్కడుందో వెతుకు."

సాహిత్య పసుపురంగు కాగితం ముక్కల మీద మాటలు రాసి గరాజు నేల మీద పరిచింది. ఇద్దరూ చతికిలబడి అటూ ఇటూ జరిపారు. "ఇది దీనికి పోదు నాన్నా." "పోతుంది, చూడు." "ఓ మై గాడ్, పోతుంది!" రెండు గంటలకు పద్యం మామూలు మాటల వరసలో నేల మీద పడుంది: నేను వెళ్ళాలి, నువ్వు ఏడవొద్దు, ఎందుకంటే మనం విడిపోవడం లేదు.

సాహిత్య దానివైపు చూసి, విసుగ్గా, "దట్స్ ఇట్? అంతేనా? మరి ఇదే సూటిగా చెప్పొచ్చు కదా. ఎందుకింత మెలిక?" అంది.

హనుమయ్య ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే విజయభాస్కర్ మాస్టారొచ్చి కూర్చునేవారు. తెలుగులో, మామూలుగా, నేల మీది కాగితం సర్దుతూ అన్నాడు: "ఎదుటి మనిషి లేచి పోకుండా కూర్చుని వింటుందన్న నమ్మకం ఉన్నవాడేనమ్మా అంత మెలికలు తిప్పి మాట్లాడేది. ఆ నమ్మకం లేనివాడు టకటకా చెప్పేసి వెళ్ళిపోతాడు."

అనేశాక తానే ఉలిక్కిపడ్డాడు. ఇది ఎక్కడిది? లోపలంతా వెతుక్కున్నాడు. నోట్సులో లేదు. పుస్తకంలో లేదు. ఎవరి గొంతులోనూ వినబడలేదు.

సాహిత్య తలెత్తి తండ్రినే చూస్తోంది. "ఎవరన్నారది?"

"ఎవరూ అనలేదనుకుంటానే," అన్నాడు హనుమయ్య, భయంభయంగా.

సోమవారం అతనికి పొద్దుటి డ్యూటీ. స్టేషను దగ్గర తొమ్మిది నిమిషాలూ జపం లేదు, పెదాలు కదల్లేదు, గడియారం చూడటంతోనే సరిపోయింది. మూడింటికి మెసేజ్ వచ్చింది. 'డన్. దే లెట్ మి టాక్. ఫార్టీ మినిట్స్!' గురువారం తేలింది: మార్కులు కొంత కోశారు, సున్నా వేయలేదు. బాగానే వచ్చాయి. హమ్మయ్య అని అలివేలు ఫ్రిజ్‌కు ఆనుకుని అలాగే నిలబడిపోయింది.

సాహిత్య చేత్తో రాసిన నాలుగు కాగితాలు డైనింగ్ టేబుల్ మీద తండ్రి ముందు పెట్టింది. హనుమయ్య కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. మొదటి పేజీ బావుంది. రెండో పేజీ మధ్యలో ఆగిపోయాడు. అతని మాట ఇంగ్లీషులో ఉంది, కొటేషన్ గుర్తుల మధ్య. పక్కన చిన్న అంకె. పేజీ అడుగున అదే అంకె, దాని ఎదురుగా పిల్ల దస్తూరీలో: 'హనుమయ్య, బస్సు డ్రైవరు, స్కోఫీల్డ్స్. తెలుగులో చెప్పగా విన్నది. అనువాదం నాది.'

అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్ళజోడు తీసి తుడిచాడు, తడి కళ్ళజోడుది కాదు. బతుకంతా ఇతరుల మాటలు మోసిన మనిషి. అతని పేరు మీద ఒక మాట ఉండటం అదే మొదలు.

"ఇంకా చదువు," అంది సాహిత్య.

చదివాడు. తర్వాతి వాక్యం ఇలా ఉంది: 'దీంతో నేను ఏకీభవించను. వెళ్ళిపోతుందన్న భయంతోనే ఆ మనిషి అంతసేపు మాట్లాడతాడు. తాను ఆపేదాకా ఆమెకు లేవడానికి వీలుండదు కదా.'

హనుమయ్య ఆ వాక్యం రెండుసార్లు చదువుకున్నాడు. "ఇది ఏ పుస్తకంలో ఉంది?" అన్నాడు మెల్లగా.

"ఏ పుస్తకంలోనూ లేదు. సెవెన్ సాటర్‌డేస్ చూశాను కదా నాన్నా నిన్ను."

పిల్లకు తెలుసు. టీ తాగకుండా, ఆపకుండా తాను ఎందుకు చెప్తూపోయాడో ఆ శనివారాలన్నీ పిల్లకు తెలుసు. అయినా లేచి పోలేదు. కాగితం మీద చెయ్యి పెట్టి నెమ్మదిగా సాపు చేశాడు.

"తప్పు," అన్నాడు చివరికి, ముక్కు ఎగబీలుస్తూ. "నేనన్నది నీకర్థం కాలేదు. కూర్చో, చెప్తాను."

సాహిత్య కుర్చీ లాక్కుని కూర్చుంది.